కారు వారంటీ మరమ్మతు బిల్లు వివాదాలు

వారంటీ గడువులో ఉన్న కారుకు చేసిన మరమ్మతుకు సర్వీసు సెంటరు రుసుము అడిగినప్పుడు, ఆ రుసుము తాను చెల్లించనవసరం లేదని యజమాని వాదించడం వలన ఏర్పడేదే వారంటీ బిల్లు వివాదం. భారతదేశంలో ఇటువంటి వివాదాలు ప్రధానంగా వినియోగదారుల రక్షణ చట్టం, 2019 క్రింద పరిష్కారమౌతాయి. ఈ చట్టం 1986 నాటి అదే పేరు గల చట్టం స్థానంలో 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. చట్టం దేశమంతటికీ ఒక్కటే అయినప్పటికీ, ఫిర్యాదు ఎక్కడ చేయాలన్నది ఫిర్యాదుదారు నివాసాన్ని బట్టి కూడా ఉంటుంది గనుక, ఈ వ్యాసంలో సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని కర్దనూర్ గ్రామాన్ని ఉదాహరణగా తీసుకోవడమైనది.

క్లచ్ సెట్టు, ఇంజెక్టర్లు, టర్బో, గేరుబాక్సు వంటి భాగాల మరమ్మతు బిల్లు వేలల్లో ఉంటుంది, కొన్ని సందర్భాలలో లక్ష రూపాయలు దాటుతుంది. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో నెల జీతం మీద ఆధారపడి, వాయిదాల మీద కారు కొన్న కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. బిల్లు కట్టిన నెలలోనే కారు వాయిదా కూడా కట్టవలసి ఉంటుంది. ఇటువంటి వివాదాలలో గెలుపు ఓటములు చాలావరకు కోర్టులో కాక, మరమ్మతు మొదలు కాక ముందు సర్వీసు సెంటరు బల్ల దగ్గర వ్రాసుకొన్న, లేదా వ్రాసుకోని, కాగితాల మీద నిర్ణయమౌతాయి.

వారంటీ అనగా నేమి

వ్యవహారంలో వారంటీ అనగా, నిర్ణీత కాలంలో లేదా నిర్ణీత దూరంలో వస్తువులో తయారీ లోపం బయటపడితే దానిని ఉచితంగా సరిచేసి ఇస్తామని తయారీదారు ఇచ్చే హామీ. కార్ల విషయంలో ఈ హామీ "ఇన్ని సంవత్సరాలు లేదా ఇన్ని కిలోమీటర్లు, ఏది ముందు అయితే అది" అనే రూపంలో ఉంటుంది. ఈ చివరి మాటను చాలామంది గమనించరు. కారును ఇంటి ముందు నిలిపి ఉంచి, కంపెనీ బస్సులో ఉద్యోగానికి వెళ్ళే వ్యక్తికి కిలోమీటర్లు మిగిలి ఉన్నా సంవత్సరాలు గడిచిపోతాయి. రోజూ కర్దనూర్ నుండి హైదరాబాదుకు వెళ్ళి వచ్చే వ్యక్తికి సంవత్సరాలు మిగిలి ఉన్నా కిలోమీటర్లు అయిపోతాయి.

న్యాయశాస్త్రంలో ఈ మాటకు మరికొంత సంకుచితమైన అర్థం ఉన్నది. సరుకుల విక్రయ చట్టం, 1930 లోని 12వ సెక్షను ఒప్పందంలోని నిబంధనలను షరతు, వారంటీ అని రెండు రకాలుగా విభజించినది. షరతు ఒప్పందానికి ప్రాణం వంటిది. అది భగ్నమైతే కొనుగోలుదారు వస్తువునే తిరస్కరించవచ్చును. వారంటీ ఒప్పందానికి అనుబంధం మాత్రమే. అది భగ్నమైతే నష్టపరిహారం కోరవచ్చును గాని వస్తువును తిప్పి పంపే హక్కు ఉండదు. కారు చెడిపోయిన ప్రతిసారీ "కొత్త కారు ఇవ్వండి" అని అడిగేవారు ఈ తేడాను తెలుసుకోవడం మంచిది.

వారంటీని మరి మూడింటితో కలపరాదు. బీమా బయటి ప్రమాదాలకు వర్తిస్తుంది, తయారీ లోపానికి కాదు. వార్షిక నిర్వహణ ఒప్పందం సాధారణ సర్వీసుకు సంబంధించినది. అదనపు రుసుముతో కొనే పొడిగింపు వారంటీని కొన్నిసార్లు తయారీదారు కాక వేరొక సంస్థ ఇస్తుంది. దాని షరతులు కూడా మొదటి వారంటీ కంటే బిగుతుగా ఉండవచ్చును. ఆ పత్రం మీద హామీ ఇచ్చినవారి పేరు ఎవరిదో కొన్న రోజుననే చూసుకోవాలి. అట్లే టైర్లకు, బ్యాటరీకి హామీ సాధారణంగా కారు తయారీదారుది కాదు, ఆయా టైర్ల, బ్యాటరీల తయారీదారులది. ఇదే జిల్లాలోని సదాశివపేటలో తయారైన టైరు కారుకు ఉన్నా, దాని లోపానికి సమాధానం చెప్పవలసినది టైరు కంపెనీయే.

వివాదం పుట్టే చోట్లు

వారంటీ గడువు ముగిసినదా లేదా అన్న దానిపై తగవులు తక్కువ. ఎక్కువ తగవులు "భాగం ఎందుకు చెడినది" అన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. లోపం తయారీలో ఉన్నదని యజమాని అంటాడు; వాడకంలో ఉన్నదని సర్వీసు సెంటరు అంటుంది. ఇందులో సర్వీసు సెంటరుకు తనదైన ఇబ్బంది కూడా ఉన్నది. వారంటీ క్రింద చేసిన పనికి డీలరు తయారీదారు నుండి సొమ్ము రాబట్టుకోవాలి. తయారీదారు ఆ క్లెయిమును తిరస్కరిస్తే భారం డీలరుపై పడుతుంది. కనుక సందేహం ఉన్నచోట యజమానికి బిల్లు వేయడమే డీలరుకు సుఖం. ఇది దురుద్దేశమే కానక్కరలేదు గాని, యజమాని తెలుసుకొని ఉండవలసిన విషయం.

క్లచ్ దీనికి మంచి ఉదాహరణ. క్లచ్ ప్లేటు వాడకంతో అరిగే భాగం కనుక వారంటీ పత్రాలలో దానిని సాధారణంగా మినహాయిస్తారు. పటాన్‌చెరు కూడలిలో లారీల వెనుక గంటసేపు సగం క్లచ్ మీద కాలు ఉంచి నడిపితే ప్లేటు త్వరగా అరుగుతుంది. అది నడిపేవారి తప్పు. కాని ప్రెషర్ ప్లేటు స్ప్రింగు విరిగినా, గేరుబాక్సు సీలు నుండి నూనె కారి ప్లేటు మీద పడినా, క్లచ్ జారుతుంది. అప్పుడు చెడినది అరిగే భాగమే అయినా, చెడగొట్టినది అరగకూడని భాగం. రెండు సందర్భాలలోనూ బిల్లు మీద "క్లచ్ సెట్టు మార్పు" అనే ఉంటుంది. విప్పిన ప్లేటును కంటితో చూస్తే గాని తేడా తెలియదు: అంతటా సమంగా అరిగినదా, ఒక వైపు మాత్రమే కాలినదా, నూనె మరక ఉన్నదా అని చూడాలి.

డీజిలు ఇంజెక్టర్ల విషయంలో "ఇంధన కల్తీ" అనే మాట వినిపిస్తుంది. కల్తీ నిజంగానే జరుగుతుంది గనుక ఈ మాటను కొట్టిపారవేయలేము. అయితే కల్తీ అని చెప్పేవారు ట్యాంకు నుండి నమూనా తీసి పరీక్షించిన ఆధారం చూపాలి. బంకు రసీదులు దాచుకొన్న యజమానికి ఇక్కడ కొంత బలం ఉంటుంది.

ఎలుకలు కొరికిన వైర్లు కర్దనూర్ వంటి పొలాల ప్రక్క ఊళ్ళలో సాధారణం. ఇది వారంటీలోనికి రాదు. బీమా పాలసీలో ఏ మేరకు వస్తుందో చూసుకోవాలి. నీట మునిగిన ఇంజను పరిస్థితి ఇంకా క్లిష్టమైనది. 2020 అక్టోబరులో హైదరాబాదు పరిసరాలలో కురిసిన భారీ వర్షాలకు అనేక కార్లు మునిగినవి. నీటిలో ఉన్న ఇంజనును తిరిగి స్టార్టు చేస్తే సిలిండరులోనికి నీరు చేరి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఇది తయారీ లోపం కాదు కనుక వారంటీ వర్తించదు. స్టార్టు చేయడం వలన కలిగిన నష్టమని సాధారణ బీమా కూడా తరచు తిరస్కరిస్తుంది. ఇంజను రక్షణకు విడిగా రుసుము కట్టినవారికే పరిహారం దక్కే అవకాశం ఎక్కువ. మునిగిన కారును స్టార్టు చేయకుండా లాగించి తీసుకుపోవాలి.

గొలుసు నష్టం మరొక చిక్కు. రేడియేటరు గొట్టం పగిలి నీరు కారిపోయి, ఇంజను వేడెక్కి, హెడ్ గాస్కెట్ పోయినదనుకొందాము. గొట్టం మాత్రం వారంటీలో ఇస్తామని, ఇంజను పని మాత్రం "వేడెక్కినా నడిపినందుకు" యజమానిదేనని అనవచ్చును. ఇక్కడ ప్రశ్న, హెచ్చరిక దీపం వెలిగిన తరువాత కారు ఎంత దూరం నడిచినది అన్నది. ఈనాటి కార్లలోని కంప్యూటరు, లోపం నమోదైన క్షణంలో ఇంజను ఉష్ణోగ్రత, వేగం వంటి వివరాలను చాలావరకు దాచి ఉంచుతుంది. స్కానరు పెట్టినప్పుడు వచ్చే ఆ నివేదిక ప్రతిని అడిగి తీసుకోవడం యజమానికి మేలు. లోపాల నమోదును చెరిపివేసిన తరువాత అడిగితే దొరకదు.

మరమ్మతు మొదలు కాక మునుపు

కారు లోనికి వెళ్ళేటప్పుడు సర్వీసు అడ్వైజరు వ్రాసే జాబ్ కార్డు ఈ వివాదాలన్నింటిలోనూ మొదటి సాక్ష్యం. ఫిర్యాదు ఏమిటో యజమాని మాటలలోనే అందులో ఉండాలి. "జనరల్ చెకప్" అని వ్రాసిన కార్డు మీద సంతకం పెట్టి, గేరు పడుటలేదని నోటితో చెప్పినవారికి ఆ తరువాత ఆధారం ఉండదు. తేదీ, కిలోమీటర్ల రీడింగు కార్డు మీద ఉండుట వలన మరొక ప్రయోజనం కలదు. వారంటీ ముగియడానికి వారం ముందు చెప్పిన లోపం, ముగిసిన నెలకు తిరిగి బయటపడితే, అది గడువులో చెప్పిన లోపమేనని చూపవచ్చును.

తరువాతది ఎస్టిమేటు. వారంటీ వర్తించదని చెప్పినప్పుడు, ఏ నిబంధన ప్రకారం, ఏ కారణం వలన వర్తించదో వ్రాతపూర్వకంగా, కనీసం ఈమెయిలులోనైనా ఇవ్వమని అడగాలి. "కంపెనీ ఒప్పుకోలేదండీ" అన్న నోటిమాట తిరస్కరణ కాదు. వ్రాసి ఇవ్వవలసి వచ్చినప్పుడు కొన్ని తిరస్కరణలు తమంతట తామే కరిగిపోతాయి. ఈ దశలో తయారీదారు వినియోగదారుల విభాగానికి కూడా వ్రాసి, ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. ఎస్టిమేటును ఫోనులో "సరే" అని ఒప్పుకొన్న తరువాత వాదించడం చాలా కష్టం. ఏమి ఒప్పుకొన్నామో మెసేజిలో స్పష్టంగా వ్రాయడం మంచిది.

మార్చిన పాత భాగం గురించి ఒక మాట. వారంటీ క్రింద మార్చిన భాగం సాధారణంగా తయారీదారుకు చెందుతుంది. కాని యజమాని సొమ్ముతో మార్చిన భాగం యజమానిది. అందువలన బిల్లు కట్టమన్నప్పుడు పాత భాగాన్ని తప్పక అడిగి తీసుకొని, ఫొటోలు తీసి, భద్రపరచాలి. రేపు కమిషను పరీక్షకు పంపవలసి వస్తే పంపగలిగినది అదొక్కటే. ఈ సంగతి సర్వీసు సెంటరులో ఎవరూ తమంతట తాము చెప్పరు.

వారంటీ గడువు ముగిసిన కొద్ది రోజులకే పెద్ద భాగం చెడిపోతే, సర్వీసు చరిత్ర సక్రమంగా ఉన్న యజమానికి తయారీదారు కొంత ఖర్చును భరించే ఆనవాయితీ కొన్ని కంపెనీలలో ఉన్నది. ఇది హక్కు కాదు, సౌజన్యం. మర్యాదగా అడిగితే వచ్చేది, నోటీసు పంపిన తరువాత రాకపోవచ్చును.

కారును ఆపి ఉంచే హక్కు

"బిల్లు కట్టను, నా కారు నాకివ్వండి" అనవచ్చునా? భారత ఒప్పందాల చట్టం, 1872 లోని 170వ సెక్షను ప్రకారం, తన శ్రమను నైపుణ్యాన్ని వినియోగించి ఒక వస్తువుకు పనిచేసిన వ్యక్తి, తనకు రావలసిన ప్రతిఫలం అందేవరకు ఆ వస్తువును తనవద్ద ఉంచుకొనవచ్చును. మరమ్మతుదారుకు ఈ హక్కు ఆ పనికి సంబంధించిన రుసుము మేరకే ఉంటుంది. పాత బాకీల కోసం కారును పట్టి ఉంచరాదు. అసలు వారంటీలోనిదైన పనికి ప్రతిఫలమే రాదు గనుక ఆ హక్కు కూడా లేదని వాదించవచ్చును. కాని ఆ సంగతి తేలే వరకు కారు వారి ఆవరణలోనే ఉంటుంది.

అందుచేత చాలామందికి ఆచరణసాధ్యమైన మార్గం, ఆక్షేపణతో చెల్లించడం. బిల్లు ప్రతి మీద "ఈ మొత్తం వారంటీ క్రిందకు వస్తుందని నా వాదన; వాహనం విడిపించుకొనుటకు మాత్రమే, తిరిగి పొందే హక్కును నిలుపుకొంటూ, ఆక్షేపణతో చెల్లిస్తున్నాను" అని వ్రాసి, తేదీ వేసి, సంతకం చేసి, అదే సంగతిని ఈమెయిలులో పంపాలి. ఒత్తిడి వలన చెల్లించిన సొమ్మును తిరిగి ఇవ్వాలని అదే చట్టంలోని 72వ సెక్షను చెప్పుచున్నది. గేట్ పాసుతో పాటు ఇచ్చే "పని పూర్తి తృప్తికరం" అన్న కాగితం మీద చదవకుండా సంతకం పెడితే ఈ శ్రమంతా వృథా కావచ్చును. ఆ కాగితం మీద కూడా ఆక్షేపణ వ్రాయవచ్చును. నగదు కాక కార్డు ద్వారానో, బ్యాంకు ద్వారానో చెల్లించి, జీఎస్టీ సంఖ్య గల బిల్లు తీసుకోవాలి.

బయటి మెకానిక్కు వద్దకు వెళితే వారంటీ పోతుందా

భారత పోటీ కమిషను 2014 ఆగస్టు 25న ఇచ్చిన ఉత్తర్వులో, విడిభాగాలను, మరమ్మతు సమాచారాన్ని బయటి మార్కెట్టుకు అందనీయని కారణంగా 14 కార్ల తయారీ సంస్థలకు మొత్తం రూ. 2,544.65 కోట్ల జరిమానా విధించినది. దీనిపై అప్పీళ్ళు నడిచినవి. ఆ ఉత్తర్వులోని ఒక అంశం వారంటీకి నేరుగా సంబంధించినది: బయటి మెకానిక్కు చేయి పడినదన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తాన్ని రద్దుచేసే షరతు పెట్టరాదని, బయటి పని లోపం వలన కలిగిన నష్టం మేరకే వారంటీని నిరాకరించవచ్చునని కమిషను పేర్కొన్నది.

అంటే బయట పంక్చరు వేయించినందుకు ఏసీ వారంటీ పోరాదు. కాని బయట మ్యూజిక్ సిస్టమ్ బిగించినప్పుడు వైరు కోసి అతికితే, ఆ వైరింగుకు సంబంధించిన లోపంలో యజమాని వాదన బలహీనపడుతుంది. నిర్ణీత సర్వీసులు ఎగవేసిన వారి వాదన అంతకంటే బలహీనం. బయట ఇంజను ఆయిలు మార్పించినా, ఆయిలు రకం, తేదీ, రీడింగు ఉన్న బిల్లు దాచుకోవాలి.

ఒక నమూనాలోని లోపం వలన తయారీదారు కార్లను వెనక్కు పిలిస్తే ఆ మరమ్మతు ఉచితం. మోటారు వాహనాల చట్టానికి 2019లో జరిగిన సవరణ ద్వారా చేరిన 110ఏ సెక్షను, లోపమున్న వాహనాలను వెనక్కు పిలవమని తయారీదారును ఆదేశించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చినది. బిల్లు కట్టే ముందు, తమ కారు ఛాసిస్ నంబరు అటువంటి జాబితాలో ఉన్నదేమో తయారీదారు వెబ్‌సైటులో చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

ఫిర్యాదు ఎక్కడ, ఎట్లు

మొదటి మెట్టు జాతీయ వినియోగదారుల సహాయవాణి, నంబరు 1915. వీరు తీర్పు చెప్పరు. ఫిర్యాదును కంపెనీకి పంపి సమాధానం రాబట్టే ప్రయత్నం చేస్తారు. చిన్న మొత్తాల విషయంలో ఇది పనికివస్తుంది.

దానితో తేలకపోతే జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషను. 1986 చట్టం క్రింద ఫిర్యాదును సాధారణంగా ప్రతివాది నివాసమున్న లేదా వ్యాపారం చేసే చోట, లేదా వివాద కారణం పుట్టిన చోట వేయవలసి వచ్చేది. 2019 చట్టంలోని 34వ సెక్షను ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే చోట కూడా వేయవచ్చునని చేర్చినది. కర్దనూర్ వాసి హైదరాబాదు షోరూములో కారు కొని, అక్కడే సర్వీసు చేయించినా, సంగారెడ్డిలోనే ఫిర్యాదు వేయవచ్చును. సెలవు దొరకని షిఫ్టు ఉద్యోగికి ఇది పెద్ద వెసులుబాటు. ఉమ్మడి మెదక్ జిల్లా కాలంలో కూడా జిల్లా ఫోరం సంగారెడ్డిలోనే ఉండేది; 2016 అక్టోబరు 11న సంగారెడ్డి ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది.

చెల్లించిన ప్రతిఫలం రూ. 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషనుకు అధికారం ఉన్నది (2021 డిసెంబరు నాటి నియమాల ప్రకారం). రూ. 5 లక్షల వరకు రుసుము లేదు. 5 నుండి 10 లక్షల వరకు రూ. 200, 10 నుండి 20 లక్షల వరకు రూ. 400. ఆన్‌లైనులో వేయుటకు 2020లో ఈ-దాఖిల్, 2025 జనవరి 1న ఈ-జాగృతి ప్రారంభమైనవి. వివాద కారణం పుట్టిన రెండు సంవత్సరాలలోపు ఫిర్యాదు వేయాలి. న్యాయవాది తప్పనిసరి కాదు. కావాలనుకొంటే, న్యాయసేవల అధికార సంస్థల చట్టం, 1987 లోని 12వ సెక్షను ప్రకారం మహిళలకు, షెడ్యూల్డు కులాలు తెగల వారికి, పారిశ్రామిక కార్మికులకు ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. కార్మికులకు ఈ హక్కు ఉన్నదని పారిశ్రామికవాడలోనే చాలామందికి తెలియదు.

డీలరును, తయారీదారును ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. లోపం తయారీదైతే తయారీదారు, పని లోపమైతే డీలరు బాధ్యులౌతారు. ఒకరినే చేర్చితే బాధ్యత లేనివారి మీదకు నెడతారు. 2009లో తయారైన కారును 2011లో కొత్తదిగా అమ్మిన కేసులో, డీలరు చేసిన పనికి తయారీదారు బాధ్యుడు కాదని 2021లో సుప్రీంకోర్టు టాటా మోటార్స్ పక్షాన చెప్పినది.

ప్రతివాది 30 రోజులలో, మహా అయితే మరి 15 రోజులలో సమాధానం ఇవ్వాలి. ఈ 45 రోజుల హద్దును దాటి గడువు పొడిగించే వీలు లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టపరచినది. ప్రయోగశాల పరీక్ష అవసరమైతే 38వ సెక్షను ప్రకారం కమిషను భాగాన్ని పరీక్షకు పంపవచ్చును. చట్టం ప్రకారం పరీక్ష లేని కేసులు 3 నెలలలో, ఉన్నవి 5 నెలలలో ముగియాలి. ఆచరణలో అంతకంటే ఎక్కువ కాలమే పడుతున్నది.

టాక్సీలు, కంపెనీ కార్లు

వాణిజ్య ప్రయోజనానికి కొన్నవారు చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. కాని స్వయం ఉపాధితో జీవనోపాధికి కొన్నవారు వినియోగదారులే. తానే నడుపుకొనే ఆటో, లారీ కొన్న వ్యక్తి ఈ కోవకు చెందుతాడని సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో వివరించినది. ఫ్యాక్టరీ సిబ్బందిని చేరవేసే సొంత టాక్సీ డ్రైవరుకు ఇది వర్తిస్తుంది. పది కార్లు అద్దెకు త్రిప్పే యజమానికి వర్తించడం కష్టం. కంపెనీ పేర కొని డైరెక్టరు సొంత వాడకానికి ఇచ్చిన కారు కూడా వాణిజ్య ప్రయోజనం క్రిందకు రాదని 2024 జూలైలో మెర్సిడెస్ బెంజ్ కేసులో అదే కోర్టు తీర్పు ఇచ్చినది.

కొన్ని తీర్పులు

మారుతి ఉద్యోగ్ కేసులో (2006) క్లచ్ లోపానికి కారునే మార్చమన్న క్రింది ఉత్తర్వును సుప్రీంకోర్టు అంగీకరించలేదు. వారంటీ షరతు లోపమున్న భాగాన్ని మార్చుటకే పరిమితమని చెప్పినది. ఫియట్ కేసులో (2010) కూడా, తయారీ లోపం నిరూపణ కానిదే మొత్తం వాహనం మార్పు కోరరాదన్న ధోరణియే కనబడుతుంది. వీటిని వినియోగదారులకు వ్యతిరేకమైన తీర్పులుగా చెప్పుట సరికాదు. భాగానికి, దాని బిల్లుకు, పడిన ఇబ్బందికి పరిహారం అడిగే దారి వీటివలన మూసుకుపోలేదు. కొత్త కారు అడిగి ఏళ్ళ తరబడి తిరిగేకంటే, కట్టిన బిల్లును వడ్డీతో అడిగినవారికి పని త్వరగా అయ్యే అవకాశం ఉన్నది.

హ్యుందాయ్ కేసు (2022) మరొక వైపు చూపుతుంది. 2015లో కొన్న కారు 2017లో ప్రమాదానికి గురైనప్పుడు ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. తగిన బలంతో ఢీకొనలేదని కంపెనీ వాదించినది. వేగాన్ని, బలాన్ని లెక్కగట్టే భౌతికశాస్త్ర పాండిత్యం కొనుగోలుదారుకు ఉండనక్కరలేదని సుప్రీంకోర్టు అభిప్రాయపడి, పరిహారాన్ని, వాహన మార్పును ఖాయం చేసినది. లోపం కంటికి స్పష్టంగా కనబడే చోట నిపుణుల నివేదిక లేదన్న వాదన అంతగా నిలువదని దీనివలన తెలుస్తున్నది.

ఇతర దేశాలలో

అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం, ఫలానా కంపెనీ భాగాలే వాడాలన్న షరతును వారంటీకి ముడిపెట్టరాదని సాధారణంగా నిషేధిస్తుంది. పదేపదే చెడిపోయే కొత్త కారును వెనక్కు తీసుకొనేలా చేసే "లెమన్ చట్టం" 1982లో కనెక్టికట్ రాష్ట్రంలో వచ్చి, తరువాత ఇతర రాష్ట్రాలకు వ్యాపించినది. అక్కడి తెలుగువారు తమ రాష్ట్ర చట్టంలో ఎన్ని మరమ్మతుల తరువాత ఈ హక్కు వస్తుందో చూసుకోవాలి. భారతదేశంలో ఇటువంటి ప్రత్యేక చట్టం లేదు.

ఉత్తర్వు వచ్చిన తరువాత

జిల్లా కమిషను ఉత్తర్వుపై 45 రోజులలో హైదరాబాదులోని తెలంగాణ రాష్ట్ర కమిషనుకు అప్పీలు చేయవచ్చును. సొమ్ము చెల్లించవలసిన పక్షం అప్పీలు చేస్తే అందులో సగం ముందుగా జమ చేయాలి. అప్పీలు లేకుండా ఉత్తర్వును అమలు చేయకపోతే, 71వ సెక్షను క్రింద సివిలు కోర్టు డిక్రీ వలె అమలుకు దరఖాస్తు పెట్టవచ్చును. 72వ సెక్షను క్రింద, పాటించనివారికి ఒక నెల నుండి మూడు సంవత్సరాల వరకు జైలు, లేదా రూ. 25,000 నుండి లక్ష వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. ఈ దరఖాస్తును ఫిర్యాదుదారు విడిగా వేయాలి. ఉత్తర్వు వచ్చినంత మాత్రాన కమిషను తనంతట తాను సొమ్ము వసూలు చేసి ఇవ్వదు.